గరిటె పెద్దమ్మ

గరిటె పెద్దమ్మ మొగుడికి ముందరి పళ్లు రెండు లేవు. ఆ రెండూ రాలగొట్టిన గరిటెతోనే ఆవిడ పద్దెనిమిదేళ్లు మా బడి వంటశాలలో పిల్లలకు వడ్డించింది. ఈ సంగతి తెలిస్తే కొత్తగా వచ్చిన టీచర్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. నాకు మాత్రం నవ్వొచ్చేది. ఆ మహానుభావుణ్ణి నేను చూడలేదు గానీ, ఎక్కడున్నా గట్టి వస్తువు కొరకాల్సి వచ్చినప్పుడల్లా ఆవిణ్ణి తలుచుకుంటూనే ఉంటాడు.

నేను ఆ వంటశాలలో రెండో వంటమనిషిని. ఆవిణ్ణి అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను తోడికోడలా అని పిలిచేది. "ఒక ఇంటికి కోడళ్లం కాకపోతేనేం, ఒక పొయ్యికి కోడళ్లమేగా. అత్తపోరు ఇద్దరికీ సమానమే" అనేది. అత్త అంటే నాలుగు గ్యాసు పొయ్యిలున్న ఆ రేకుల గది. ఎండాకాలం అందులో నిలబడితే చెప్పులు నేలకు అతుక్కునేవి.

ఆవిడ మొగుడు కూర చప్పగా ఉంటే కంచం గోడకు కొట్టేవాడట. ఉప్పు ఎక్కువైతే ఆవిణ్ణే గోడకు కొట్టేవాడట. ఎదురు మాట్లాడిన రోజున వంటగదికి తాళం వేసి, తాళంచెవి బెల్టుకు తగిలించుకుని పనికి పోయేవాడు. ఒక్కోసారి రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు. ఏడో నెల కడుపుతో ఉండగా పొయ్యి మీది గిన్నెను కాలితో తన్నాడు. మరిగే నీళ్లు పొట్ట మీదా తొడల మీదా పడ్డాయి. బిడ్డ దక్కలేదు. సరిగ్గా నెల తర్వాత ఆయన మళ్లీ తాళం చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ చేతిలో గరిటె ఉంది.

"రెండే రాలాయి తోడికోడలా. మిగతావి చూసుకునేలోపు పక్కింటివాళ్లు వచ్చి పట్టేసుకున్నారు" అనేది, ఏదో పని సగంలో ఆగిపోయినట్టు.

ఆ ఇంట్లోంచి ఆవిడ తెచ్చుకున్నది ఆ ఇనుప గరిటె ఒక్కటే. బడిలో చేరాక పెద్ద గిన్నెల అడుగు అందడం లేదని దానికి మూరెడు కాడ అతికించుకుంది. వడ్డన మొదలయ్యే ముందు గిన్నె అంచు మీద మూడుసార్లు ఠంగుమనిపించేది. నాలుగొందల మంది పిల్లలు గప్‌చుప్‌గా వరసలో నిలబడేవారు. హెడ్మాస్టర్ గంట కొడితే కూడా అంత నిశ్శబ్దం ఉండేది కాదు. ఆయనకు ఆ విషయంలో కొంచెం ఉడుకుమోత్తనం ఉండేది.

ముక్కు మీదే కోపం. నేను వచ్చిన కొత్తలో సరుకు లారీ డ్రైవరు పురుగు పట్టిన చిక్కుడు గింజల బస్తా దించి, ఉడికిస్తే తెలియదులే అన్నాడు. ఆవిడ బస్తా మూతి విప్పింది. డ్రైవరు మెడ పట్టుకుని మొహం అందులో కుక్కింది. "తిను. ముందు నువ్వు తిని చెప్పు, తెలుస్తుందో తెలియదో." వాడు కాళ్లు కొట్టుకుంటుంటే మోకాలు వీపు మీద ఆనించి ఇంకా నొక్కింది. పైకి లేచేసరికి ముక్కు పగిలి గింజలన్నీ ఎర్రగా ఉన్నాయి. జిల్లా ఆఫీసు నుంచి మందలింపు కాగితం వచ్చింది. ఆవిడ దాంతో పొయ్యి వెలిగించింది. ఆ తర్వాత మాకు వచ్చిన గింజలు కళ్లకద్దుకుని తినొచ్చు, అంత శుభ్రంగా ఉండేవి.

అప్పట్లో భోజనాల గదిలో రెండు వరసలుండేవి. టికెట్ కొనుక్కున్న పిల్లలది ఒకటి, ఉచితం పిల్లలది ఒకటి, మధ్యలో ఒక తాడు. తర్వాత జిల్లాలోని సర్కారు బడులన్నిటిలో అందరికీ ఉచితమే అని ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు చదవడం పూర్తికాకుండానే ఆవిడ కూరల కత్తి తీసుకెళ్లి ఆ తాడు తెగ్గోసింది. "నాలుగేళ్లుగా దీన్ని చూస్తే ఒళ్లు మండిపోతోంది" అంది.

ఉచితం వచ్చింది గానీ దానితోపాటు ఒక నిబంధన కూడా వచ్చింది. బడిలో వండింది బడిలోనే తినాలి, ఒక్క మెతుకు గేటు దాటకూడదు. ఎక్కడో ఒక పిల్ల ఇంటికి పట్టుకెళ్లిన అన్నం మర్నాడు తిని ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయ్యారట. అందుకని మిగిలినదాంట్లో మేమే సబ్బునీళ్లు పోసి పారెయ్యాలి. రోజూ ఆ పని నేను చేసేదాన్ని. సబ్బునీళ్లు పోస్తున్నంతసేపూ ఆవిడ అటు తిరిగి నిలబడేది.

మిగల్చడమంటే ఆవిడకు పడదు. అందుకే ఒక పద్ధతి పెట్టింది. తిన్నాక పిల్లలు కంచాలు కడిగే కిటికీ దగ్గరికి వచ్చి, తొట్టి మీద కంచం బోర్లించి చూపించాలి. ఏమైనా రాలిందో, చెవి మెలిపడేది. కొందరికి గరిటె కాడతో వీపు మీద ఒకటి పడేది. నేను వద్దనేదాన్ని. "కంచంలో వదిలేసినవాడికి ఆకలి తెలీదు. తెలియాలి" అనేది. మేమిద్దరం ఆ కిటికీలోంచి చూసే పిల్లల కడుపులు లెక్కపెట్టేవాళ్లం. కంచం ఖాళీ అయితే కడుపు నిండినట్టే. వంటవాళ్లు తప్ప ఇంకెవరూ అంత మూర్ఖంగా ఆలోచించరు.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొట్టిగా, రెండు జడలతో. ఆ పిల్ల కంచం బోర్లిస్తే నీటిచుక్క కూడా రాలేది కాదు. మెతుకు లేదు, కూర మరక లేదు. మొహం చూసుకోవచ్చు. ఆవిడ ఆ పిల్లకు అద్దం పిల్ల అని పేరు పెట్టి నెత్తిన పెట్టుకుంది. "చూడండ్రా, తింటే ఇలా తినాలి" అని మిగతావాళ్లకు చూపించేది. అడక్కుండానే రెండో గుడ్డు వేసేది. ఆ పిల్ల తల వంచుకుని "సరే పెద్దమ్మా" అని వెళ్లిపోయేది. రెండు నెలలు ఇలా గడిచింది. అంత తింటున్న పిల్ల ఒళ్లు చెయ్యడం లేదేమిటని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆవిడకూ తట్టలేదు.

ఆ రోజు తనిఖీకి సూపర్‌వైజర్ వచ్చాడు. మేం తూకం సారు అనేవాళ్లం. ఉల్లిపాయ తొక్కలు కూడా తూకం వేయించే రకం. "మీ బడి నుంచి అన్నం బయటికి పోతోందని నాకు ఫిర్యాదు వచ్చింది" అన్నాడు వస్తూనే. ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"నా గడప దాటి మెతుకు పోదు సారూ. కావాలంటే ఇక్కడ నిలబడి చూడండి."

ఆయన కిటికీ పక్కన నిలబడ్డాడు. అద్దం పిల్ల వంతు వచ్చింది. కంచం బోర్లించింది. తళతళలాడుతోంది. ఆవిడ మొహం కూడా అలాగే ఉంది. "ఇదీ మా పిల్లల తిండి. చూసుకోండి" అంది.

ఆయన కంచం చూడలేదు. నేల చూశాడు. పిల్ల భుజాన ఉన్న సంచి అడుగు నుంచి కూర చారలు చారలుగా కారుతోంది. ఆయన వంగి సంచి తెరిచాడు. పుస్తకాల మీద ప్లాస్టిక్ డబ్బా, మూత సరిగా పట్టలేదు. అందులో అన్నం, చిక్కుడు గింజల కూర, రెండు గుడ్లు.

"ఇదేనామ్మా మీ అద్దం?" అని నవ్వాడు. వెనక పిల్లలు కూడా నవ్వారు.

ఆవిడ మొహం నల్లబడటం నేను చూశాను. నడుమెత్తు తొట్టి అవతల నేను, ఇవతల ఆవిడ. నేను ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే ఆ చెయ్యి నాకు అందేది. వెయ్యలేదు. "నా మొహం మీదే కొడతావుటే దొంగమొహమా!" అని గరిటె ఎత్తింది. పిల్ల తల కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇనుము ఎముక మీద పడింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

పిల్ల అరవలేదు. డబ్బా కిందపడి అన్నం చెల్లాచెదురైంది. ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, వేలాడుతున్న కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో నేల మీది అన్నం ఎత్తి డబ్బాలో వేసుకోవడం మొదలుపెట్టింది. గబగబా, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"మా అమ్మకి" అంది ఎవరి వైపూ చూడకుండా. "ఇవాళ్టికి ఒక్కసారికి వదిలెయ్యండి. అమ్మకి."

ఆసుపత్రికి నేనే ఎత్తుకెళ్లాను. ఎముక సరిచేస్తున్నప్పుడు మాత్రం గట్టిగా అరిచి నా భుజం కొరికింది. కట్టు ఆరేదాకా బల్ల మీద కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. వాళ్ల నాన్నది టైర్ల షాపు. రెండు నెలల క్రితం అమ్మ ఏదో మాటకు ఎదురు చెప్పిందట. టైరు ఊడదీసే రాడ్డుతో కాలు విరగ్గొట్టాడు. వంటగదికి తాళం, వీధి తలుపుకు తాళం. ఈ పిల్ల బడినుంచి వెళ్లి కిటికీ ఊచల్లోంచి డబ్బా అందిస్తే అదే ఆవిడకు రోజంతటికీ తిండి.

"మరి నువ్వేం తింటావే?"

"నాన్న తినేటప్పుడు నాకూ పెడతాడు. తింటూ అమ్మని చూడమంటాడు."

"ఎవరికీ చెప్పలేదేమే?"

"చెప్తే అమ్మ రెండో కాలు కూడా విరగ్గొడతానన్నాడు."

పిల్లను క్లాసు టీచరుకు అప్పగించి వంటశాలకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆవిడ కిటికీ కింద నేల మీద కూర్చుని ఉంది. గరిటె ఒళ్లో ఉంది. నేను విన్నదంతా చెప్పాను. తాళం అన్న మాట దగ్గర ఆవిడ కళ్లు మూసుకుంది. లేచి, సబ్బునీళ్ల కోసం పక్కన పెట్టిన అన్నం ఒక గిన్నెలో సర్దింది. కూర మళ్లీ పొయ్యి మీద పెట్టి పొగలు వచ్చేదాకా వేడి చేసి ఇంకో గిన్నెలో పోసింది. అన్నం గిన్నె చంకనెత్తుకుని గరిటె చేత పట్టుకుంది, కూర నాకు ఇచ్చింది.

"అక్కా, గేటు దాటితే ఉద్యోగం పోతుంది."

"పోనీ" అంది.

గేటు దగ్గర తూకం సారు ఎదురొచ్చాడు. ఆవిడ చేతిలోని గరిటె చూసి తనే పక్కకు తప్పుకున్నాడు.

నాలుగు వీధుల అవతల ఇల్లు. వీధి చివరే టైర్ల షాపు. తలుపుకు అరచెయ్యంత తాళం. పక్కన చిన్న కిటికీ, దాని ఊచలు పట్టుకుని కింద కూర్చున్న మనిషి తల మాత్రం కనిపిస్తోంది. "ఎవరమ్మా మీరు? వెళ్లిపోండి, ఆయన వస్తాడు" అంటోంది. పెద్దమ్మ అన్నం గిన్నె అరుగు మీద పెట్టి రెండు చేతులతో గరిటె ఎత్తి తాళం మీద కొట్టింది. ఒకటి, రెండు, పది. తాళం చెక్కుచెదరలేదు గానీ తలుపు చెక్క చీలి గొళ్లెం ఊగడం మొదలైంది. ఆవిడ అరిచేతులు చిట్లి కాడ మీద నెత్తురు కారుతోంది. ప్రతి దెబ్బకూ "తాళమేస్తావా, తాళమేస్తావా" అంటోంది. ఆ తిట్టు ఎవరికో నాకు తెలుసు.

గొళ్లెం ఊడి పడేసరికి పిల్ల తండ్రి వచ్చాడు. చేతిలో రాడ్డు. మాట లేదు పలుకు లేదు, వెనకనుంచి వచ్చి ఆవిడ తల మీద కొట్టాడు. ఎడమ చెవి పైన పడింది. ఆవిడ గడప మీద బోర్లా పడింది. రెండో దెబ్బ భుజం మీద. మూడో దెబ్బకు రాడ్డు ఎత్తాడు.

నేను పిరికిదాన్ని. బొద్దింకను చూస్తే స్టూలెక్కే మనిషిని. కానీ నా చేతిలో పొగలు కక్కుతున్న గిన్నె ఉంది. ఆయన మొహాన కొట్టాను. ఆయన పెట్టిన కేక వీధి ఆ చివరిదాకా వినిపించింది. మొహం రెండు చేతులతో కప్పుకుని తూలుతుంటే ఆవిడ నేల మీదినుంచే గరిటె ఊపి మోకాలి చిప్ప మీద కొట్టింది. పడ్డాడు. లేవబోతుంటే ఇంకోటి. ఈసారి రెండో మోకాలు. అప్పుడు గానీ చుట్టుపక్కల తలుపులు తెరుచుకోలేదు. రెండు నెలలుగా మూసి ఉన్న తలుపులు అవి. నాకు ఆయన మీదకంటే వాళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

పోలీసులు వచ్చేసరికి ఆయన వీధిలో దొర్లుతున్నాడు. ఆవిడ చెవినుంచి నెత్తురు మెడమీదుగా జాకెట్టులోకి కారుతోంది. లోపల్నుంచి ఆ తల్లి నేలమీద పాకుతూ వచ్చి, అరుగు మీది గిన్నె దగ్గరికి లాక్కుని, ఉత్త అన్నం రెండు చేతులతో తింటోంది. పోలీసు ఏదో అడిగితే ఆగమన్నట్టు చెయ్యి చూపించి మళ్లీ తింది.

ఆయనకు జైలు పడింది. నేను చేసినదాన్ని ఆత్మరక్షణ కింద రాసుకున్నారు. తల్లీకూతుళ్లు అదే ఇంట్లో ఉన్నారు. తలుపుకు కొత్త గొళ్లెం లోపలివైపు పెట్టించుకున్నారు. తల్లి కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

పెద్దమ్మ మీద విచారణ జరిగింది. ఊళ్లోవాళ్లు ఆవిడ తరఫున సంతకాలు చేసి పట్టుకొచ్చారు, టైర్లవాడి కాళ్లు విరగ్గొట్టినందుకు. ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టించింది. "వాణ్ణి కొట్టినందుకు నేను బాధపడను. పిల్ల చెయ్యి విరగ్గొట్టాను, దానికి శిక్ష వెయ్యండి" అంది. ఎడమ చెవికి వినపడక, వాళ్లు వేసిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడిగించుకుంది. నెలన్నర పనిలోంచి తప్పించారు. ఇకముందు పిల్లల మీద చెయ్యెత్తితే శాశ్వతంగా ఇంటికే అన్నారు. అన్నం గేటు దాటిన సంగతి ఎవరూ ఎత్తలేదు. తూకం సారు ఆ పేజీ నింపడం మరిచిపోయాడట. ఆయన దేన్నీ మరిచిపోయే మనిషి కాదు.

ఆవిడ తిరిగొచ్చిన రోజు నేను చెప్పక తప్పలేదు. అద్దం పిల్ల బడికి వస్తోంది గానీ భోజనానికి రావడం లేదు. గంట కాగానే బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటుంది. టీచర్లు బతిమాలారు. నేను కంచం తీసుకెళ్లి పెట్టాను. ఆకలి లేదంది. ఇంట్లో తల్లి చేతి ముద్ద తింటోంది, బడి అన్నం మాత్రం ముట్టదు.

ఆ రోజు గిన్నె అంచు మీద మూడు దెబ్బలు కొట్టలేదు. మర్నాడూ కొట్టలేదు. వరస సాగినంతసేపూ తలుపు వైపు చూసేది. అందరూ తినేసినా అడుగున ఒక కంచానికి సరిపడా వేడిగా ఉంచేది. ఆఖరికి అందులో నేను సబ్బునీళ్లు పోసేదాన్ని. మొగుడి పళ్లు రాలగొట్టి ఒక్క రోజు కూడా నిద్ర చెడని మనిషి, పన్నెండు రోజులకు సగమైపోయింది. "నాకు భయపడే తిండి మానేసింది. వాడు తాళం వేశాడు, నేనూ వేశాను" అంది నాతో.

పదమూడో రోజున ఆ పిల్ల వచ్చింది. టీచరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరస చివర నిలబెట్టింది. కట్టు విప్పేశారు. చెయ్యి సన్నగా, పాలిపోయి ఉంది. ఒక్కొక్కరే ముందుకు జరిగి ఆ పిల్ల వంతు వచ్చింది. ఆవిడ గరిటె అన్నంలో ముంచి పైకెత్తింది.

పిల్ల చేతిలో కంచం జారి ఠంగుమంది. రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని అక్కడికక్కడే ముడుచుకుపోయింది.

ఆవిడ గరిటె దించింది. బల్ల చుట్టూ తిరిగొచ్చి, పిల్లకు రెండడుగుల దూరంలో నేల మీద కూలబడింది. గరిటె కాడ పిల్ల వైపు తిప్పి కింద పెట్టింది.

"నీ చెయ్యి విరగ్గొట్టింది నేనే" అంది. "నాది తప్పు. నువ్వు దొంగవి కాదు. ఇదిగో, ఇది ఇంక నేను ముట్టుకోను. నీక్కావలసింది నువ్వే వేసుకో అమ్మా."

పిల్ల మోచేతుల సందులోంచి చూసింది. ఆవిడను చూసింది, గరిటెను చూసింది. చాలాసేపటికి ఎడంచెయ్యి చాపి కాడ పట్టుకుంది. బరువుకు తూలితే నేను సాయం పోబోయాను, ఆవిడ కళ్లతోనే ఆపింది. పిల్ల గిన్నె దగ్గరికి ఈడ్చుకెళ్లి, రెండు చేతులతో ఎత్తి, సగం కింద పోసి సగం కంచంలో వేసుకుంది. వెళ్లి గోడవారగా కూర్చుని, వీపు గోడకు ఆనించి, మా ఇద్దర్నీ చూస్తూనే తింది.

అప్పటినుంచి మా బడిలో పిల్లలే వడ్డించుకుంటారు. తనిఖీకి వచ్చినవాళ్లు ఇదెక్కడి పద్ధతి అని అడుగుతారు. ఇక్కడ ఇంతే అని చెబుతాను. గరిటె పెద్దమ్మ పోయి రెండేళ్లయింది, గరిటె ఇంకా ఉంది.

ఆ రోజు తిన్నాక అద్దం పిల్ల కిటికీ దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ తొట్టి మీద కంచం బోర్లించింది. గుప్పెడు అన్నం, సగం గుడ్డు తొట్టిలో పడ్డాయి. పిల్ల బిక్కచచ్చిపోయి, "ఇంక పట్టట్లేదు పెద్దమ్మా, కడుపు నిండిపోయింది" అంది.

పద్దెనిమిదేళ్లలో ఆవిడ తొట్టిలో పడ్డ మెతుకును చూసి ఊరుకోవడం నేను ఎరగను. ఆ రోజు అక్కడే నిలబడి, ఆ సగం గుడ్డును చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.